లంకావి కొండ మీద తెగిన చైను

ఒకే రోజులో, ఒకదాని వెనుక ఒకటిగా, సముద్రంలో నాలుగు కిలోమీటర్లకు కాస్త తక్కువ ఈది, నూట ఎనభై కిలోమీటర్లు సైకిల్ తొక్కి, ఆపైన నలభై రెండు కిలోమీటర్లు పరుగెత్తాలి. దీన్ని ట్రయథ్లాన్ అంటారు. ఇందులో పాల్గొనడానికి డబ్బు కట్టాలని నా బామ్మర్ది రవీందర్ చెప్పినప్పుడు, వాళ్లు మనకు కట్టాలా, మనం వాళ్లకు కట్టాలా అని రెండుసార్లు అడిగాను.

రవీందర్ నా భార్య సుజాత తమ్ముడు. లాల్‌దర్వాజాలో మహంకాళి గుడికి వెళ్లే దారిలో అతనికి స్టీలు సామాన్ల దుకాణం ఉంది. బిందెలు, టిఫిన్ డబ్బాలు, కుక్కర్లు అమ్ముతాడు. నలభై దాటగానే డాక్టరు అతన్ని షుగర్ అంచున ఉన్నావని భయపెట్టాడు. మామూలు మనిషైతే చాయ్‌లో చక్కెర మానేస్తాడు. ఇతను కార్బన్ సైకిల్ కొన్నాడు. బెంగళూరులో ఒక కోచ్‌ను పెట్టుకున్నాడు. ఆ కోచ్‌ను ఇప్పటిదాకా కళ్లతో చూడలేదు. రోజూ ఫోన్‌లో ఆజ్ఞలు వస్తాయి, ఇతను పాటిస్తాడు. అక్కనైన నా మాట ఇన్నేళ్లలో ఒక్కసారి వినలేదు గానీ, ముఖం తెలియని కోచ్ పడుకోమంటే పడుకుంటాడు అని సుజాత అంటూ ఉంటుంది. చేతికి ఒక గడియారం కూడా ఉంది. రాత్రి ఎంత బాగా నిద్రపోయాడో పొద్దున అది చెబితే తప్ప అతనికి తెలియదు.

నేను సర్కారీ బస్సుల డిపోలో మెకానిక్‌ని. ఇరవై ఆరేళ్లుగా బస్సుల కింద పడుకుని పైకి చూస్తూ బతుకుతున్నాను. రవీందర్ సైకిల్‌కు పంక్చర్ వేయబోయి, తొక్కడం నేర్చుకుని, గచ్చిబౌలిలో ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి మూడుసార్లు తొక్కి ఏడాది పాటు బట్టలు ఆరేసుకున్న సైకిల్‌ను సగం ధరకు కొని, నేనూ ఇందులో పడ్డాను. తెల్లారకముందే లేచి చంద్రాయణగుట్ట మీదుగా జల్‌పల్లి దాటి కుక్కలతో పోటీపడి రెండేళ్లు తొక్కాం. మలేసియాలోని లంకావి ద్వీపంలో పోటీకి పేరిస్తున్నానని, నన్ను కూడా రమ్మని రవీందర్ అన్నాడు. ఖర్చు అతనిది, పానా నాది. అలా ఒప్పందం కుదిరింది.

పెట్టెలు

సైకిల్‌ను విమానంలో పంపాలంటే చక్రాలు, హ్యాండిల్, పెడళ్లు విప్పి పొడుగాటి పెట్టెలో పెట్టాలి. చైను కూడా విప్పాలని కోచ్ ఆజ్ఞ. చైను విప్పాలంటే అందులో జోడు లింకు ఒకటి ఉంటుంది, రెండు రేకుల ముక్క. దాన్ని పట్కారుతో నొక్కితే చైను ఊడుతుంది. మళ్లీ బిగించేటప్పుడు పాతది పారేసి కొత్త లింకు వేయాలని కోచ్ రాశాడు. రవీందర్ చిటికెన వేలి గోరంత ఉన్న కొత్త లింకును ఒక ప్లాస్టిక్ పాకెట్‌లో పెట్టి, దాని మీద ఏదో రాసి, పూజారికి తాంబూలం ఇచ్చినట్టు నా చేతిలో పెట్టాడు.

"గిది పోగొట్టకు బావా. మల్ల ఎక్కించేటప్పుడు గిదే ఎయ్యాలె."

"ఒక్కసారి విప్పితె పాడైతదా? గిదంత కంపెనీలు అమ్ముకునే తెలివి," అన్నాను. "నా బస్సులల్ల నట్లు నీ వయసున్నయి."

పాకెట్‌ను నా పనిముట్ల సంచిలో వేసుకున్నాను.

బయల్దేరే రోజు రెండు పెట్టెలు గల్లీలోంచి నలుగురం మోసుకుంటూ వస్తుంటే మూలింటి లక్ష్మమ్మ గుమ్మంలో లేచి నిలబడింది. శవాలు పోతుంటే చేసినట్టు తల మీద కొంగు కప్పుకుంది.

"ఇద్దరు ఒక్కటేసారి పోయిన్రా బిడ్డా," అంది.

రవీందర్ ఆగి, పెట్టె దించి, కార్బన్ ఫ్రేమ్ గురించి ఆమెకు వివరించాడు. ఆమె చివరి దాకా విని, "మంచిది, పైలం," అని లోపలికి పోయింది. నమ్మినట్టు లేదు.

ఆపా ఖబర్

కౌలాలంపూర్‌లో విమానం మారాలి. నాలుగు గంటలు ఆగాలి. పెట్టెలు వచ్చాయా లేదా అని రవీందర్ కౌంటర్ల చుట్టూ తిరుగుతుంటే నేను ఒక కుర్చీలో కూలబడ్డాను. నేల తుడుస్తున్న ఒక పెద్దావిడ నన్ను చూసి నవ్వి, "ఆపా ఖబర్?" అంది.

ఖబర్ అన్న మాట వినగానే లేచి కూర్చున్నాను. ఏం ఖబర్ అని అడుగుతోంది. నేను లాల్‌దర్వాజాలో పుట్టాను. పొద్దున తెలుగులో లేచి, మదీనా చౌరస్తాలో ఉర్దూలో బేరమాడి, డిపోలో ఇంగ్లీషు ఫారాలు నింపేవాడిని. "ఖైరియత్," అన్నాను. ఆమెకు అర్థం కాలేదు గానీ సంతోషించింది. ఆ తరువాత వారం రోజుల పాటు నేను వేటగాడిలా మాటలు పట్టాను. కుర్చీని వాళ్లు కెరూసి అంటారు, అంటే మన కుర్సీ. సబ్బు సాబున్. లోకం దునియా. కాలం వక్తు. రవీందర్ ఫోన్ ముందు పెట్టుకుని అనువాదం చేయించుకుంటుంటే నేను నోటితోనే పని నడిపాను. ఇందుకు అతను కొంచెం నొచ్చుకున్నాడు, నేను కొంచెం ఎక్కువగానే సంతోషించాను.

లంకావిలో దిగిన మరుసటి పొద్దున అజాన్ వినపడి మెలకువ వచ్చింది. లాల్‌దర్వాజాలోనే ఉన్నాననుకుని, నల్లా వచ్చి ఉంటుంది, బిందెలు పెట్టాలని లేచాను. ఎదురుగా సముద్రం కనపడింది. ఇంకో తేడా కూడా ఉంది. రోడ్డు మీద ఎవడూ హారన్ కొట్టడం లేదు. ఒక కారు మా వెనకాల పదినిమిషాలు నెమ్మదిగా నడిచింది, మేము పక్కకు జరిగే దాకా. రవీందర్ భయపడి, "మన ఎన్క ఎవడో పడ్డడు బావా," అన్నాడు.

అప్పలనర్సమ్మ రొట్టెలు

మా హోటల్ నుంచి సందు తిరిగితే ఒక రేకుల షెడ్డు, నాలుగు బల్లలు. అక్కడ రోటీ చనాయ్ అని పొరలు పొరలుగా కాల్చిన పరాటా, పప్పు పులుసుతో ఇస్తారు. ఒక్కోటి రెండు రింగిట్లు, మన నలభై రూపాయల చిల్లర. చాయ్‌ను ఎత్తునుంచి పోసి నురగ తెప్పిస్తారు. అయితే అందులో డబ్బాపాలు. ఇరానీ చాయ్ తాగే మనిషి దాన్ని మిఠాయి కింద జమ కట్టాలి.

"గీ పప్పుల జెర ఉప్పు తక్కువైంది," అన్నాను రవీందర్‌తో.

పొయ్యి దగ్గరున్న అరవై ఏళ్ల ఆవిడ వెనక్కి తిరిగింది. "ఉప్పు కావాలేటి బాబూ?"

ఆమె పేరు అప్పలనర్సమ్మ. వాళ్ల తాతను శ్రీకాకుళం పక్కనుంచి రబ్బరు తోటల్లో పనికి పడవెక్కించి తెచ్చారట. ఆమె ఇండియా చూడలేదు. తెలుగు మాత్రం ఆ పడవ దిగినప్పుడు ఎలా ఉందో అలాగే దాచుకుంది. మేము మాట్లాడింది కాసేపు శ్రద్ధగా విని, "మీది ఏ బాస బాబూ, సగం తెలుగులాగే ఉంది," అంది.

రవీందర్ గాయపడ్డాడు. "గదేందమ్మా, అసలు తెలుగే గిది."

"అవునేటి," అంది ఆమె మర్యాదగా, మా లక్ష్మమ్మ పెట్టె గురించి అన్నట్టే.

ఏం పని మీద వచ్చారని అడిగితే పోటీ సంగతి చెప్పాం. ఈత, సైకిలు, పరుగు అన్నీ విన్నాక ఆమె రొట్టె తిప్పడం ఆపింది.

"మా తాతని ఇలాగే పొద్దున్నుంచి సీకటి దాకా పరిగెత్తించేవోడట తోట దొర. కూలిచ్చి మరీ," అంది. "మిమ్మల్ని ఎవులు పరిగెత్తిస్తన్నారు?"

నేను రవీందర్ వైపు చూశాను. అతను గడియారం చూసుకున్నాడు.

హోటల్ ముందు వర్క్‌షాపు

పోటీకి రెండు రోజుల ముందు నుంచి హోటల్ నిండా పోటీదారులే. కాళ్ల మీది వెంట్రుకలు గొరిగించుకున్న మగవాళ్లను అంతమందిని ఒకచోట నేను ఎప్పుడూ చూడలేదు. అందరిదీ ఒకటే మాట, బరువు. వాటర్ బాటిల్ బిగించే స్క్రూలు కూడా తేలికవి వేయించుకున్నానని, దానితో ఇరవై గ్రాములు తగ్గిందని ఒకాయన చెప్పాడు. అతని పొట్ట మాత్రం కనీసం ఆరు కిలోలు అదనంగా ఉంది. దానికి స్క్రూలు లేవు.

హోటల్ ముందు చెట్టు నీడలో గోనెసంచి పరిచి మా సైకిళ్లు బిగించడం మొదలుపెట్టాను. ఎవడో వచ్చి తన గేరు సరిగా పడటం లేదన్నాడు. సరిచేశాను. ఇంకొకడు బ్రేకు అన్నాడు. మధ్యాహ్నానికి వరుస కట్టారు. ఇంగ్లీషులో, మలయ్‌లో, చేతి సైగల్లో నన్ను పొగిడారు. ఇరవై ఆరేళ్లలో డిపోలో ఒక్క మనిషి థాంక్స్ చెప్పలేదు. బస్సు కదిలితే డ్రైవర్ గొప్ప, ఆగితే మెకానిక్ తప్పు. ఇక్కడ ఒక్కరోజులో ఆ లోటంతా తీరింది. నిజం చెప్పాలంటే కొంచెం పొంగిపోయాను.

వరుసలో డెబ్బై ఒక్క ఏళ్ల జపాన్ ఆయన ఉన్నాడు, సాతో గారు. సైకిల్ ఇవ్వలేదు. నా పట్కారు ఒక్క నిమిషం అరువడిగి, పక్కన కూర్చుని తన చైను తనే బిగించుకున్నాడు. పాత లింకును కాగితంలో చుట్టి చెత్తడబ్బాలో వేసి, కొత్తది తీసి వేశాడు. అప్పుడే నేను రవీందర్ చైను ఎక్కిస్తున్నాను. చేతిలో పాత లింకే ఉంది. అది మెరుస్తూ, గట్టిగా, బ్రహ్మాండంగా ఉంది. ఆయన దాన్ని చూసి వేలు చూపించి, "ఓల్డ్. నో," అన్నాడు.

చుట్టూ ఆరుగురు నన్ను చూస్తున్నారు. "ఓల్డ్ ఈజ్ గోల్డ్," అన్నాను. అందరూ నవ్వారు. సాతో గారు కూడా మర్యాదకు నవ్వి, వంగి నమస్కారం చేసి, ఉప్పులో ఊరేసి ఎండబెట్టిన రేగుపండంత పండ్ల పొట్లం ఒకటి ఇచ్చి వెళ్లిపోయాడు. పాత లింకు టక్కున కూర్చుంది. కొత్తది సంచిలోనే ఉండిపోయింది.

సాయంత్రం రవీందర్ అడిగాడు, "అంత మంచిగ బిగిచ్చినవ్ గద బావా?"

"ఫికర్ జెయ్యకు," అన్నాను.

ఉప్పునీళ్లు

పొద్దున ఏడున్నరకు మొదలు. అందరి చేతుల మీదా నంబర్లు రాసి, చీలమండకు టైము లెక్కపెట్టే పట్టీ కట్టారు. బక్రీద్ ముందు జల్‌పల్లి వైపు లారీల్లోంచి దించే పొట్టేళ్లకు ఇలాగే రంగు గుర్తులు వేస్తారు. వాటి ముఖాల్లో కూడా ఇదే ధీమా ఉంటుంది.

నేను ఈత నేర్చింది మున్సిపల్ స్విమ్మింగ్ పూల్‌లో. అక్కడి నీళ్లు పెట్టినచోట ఉంటాయి. సముద్రం నీళ్లు ఎవరి మాటా వినవు. మొదటి పది నిమిషాల్లో నా ముఖం మీద ఎవరివో మూడు కాళ్లు పడ్డాయి, ఒకటి బహుశా రవీందర్‌ది. జెల్లీచేప ఒకటి మెడ మీద వాత పెట్టింది. మిగతావాళ్లు చేతులు విసురుకుంటూ వెళ్లిపోయారు. నేను కప్ప ఈత ఈదుతూ, తల పైకెత్తి, వెళ్లిపోయేవాళ్లను చూస్తూ వచ్చాను. గడువు ఇంకా పావుగంట ఉందనగా ఒడ్డెక్కాను. అప్పటికి రవీందర్ సైకిల్ మీద అరగంట ముందున్నాడు.

సైకిల్ మీద కూర్చున్నాక నేను మనిషినయ్యాను. అడవి, ఎత్తుపల్లాల రోడ్డు. ఒక మలుపులో కోతి దారి మధ్య కూర్చుని ముందువాడి సీటు వెనకాల కట్టిన అరటిపండును చూస్తోంది, నిదానంగా, టికెట్ లేని ప్రయాణికుణ్ణి చూసే కండక్టర్‌లా. తీసుకుంది కూడా. నా దగ్గర దారిలో బలానికి పీల్చే జెల్ పాకెట్లున్నాయి, పిల్లల దగ్గుమందును ఎండలో మరిచిపోతే వచ్చే రుచి. కోతి వాటిని ముట్టుకోలేదు. ఎండ మన వనస్థలిపురం తారు రోడ్డు మీది మే ఎండలాంటిదే, కాకపోతే ఉడకబెట్టినది. నూట పది కిలోమీటర్ల దగ్గర లెక్క చూసుకున్నాను. సాయంత్రం ఆరుకల్లా సైకిల్ దిగాలి. ఇదే వేగంతో పోతే ఇరవై నిమిషాలు మిగులుతాయి. ఆ ఇరవై నిమిషాలను చూసుకుని మురిసిపోయాను.

కొండ

నూట ఇరవయ్యో కిలోమీటరు దగ్గర పెద్ద చడావు. సగం ఎక్కాక రోడ్డు పక్కన రవీందర్ కూర్చుని కనపడ్డాడు. సైకిల్ గడ్డిలో పడుంది. చైను అతని చేతిలో చచ్చిన పాములా వేలాడుతోంది.

"ఎంతసేపయింది?" అని అడిగాను.

"నలభై నిమిషాలు. రిపేర్ బండొస్తది అన్నరు, వస్తలేదు." ముఖం వాడిపోయి ఉంది. "నా సంచిల అన్ని సామాన్లున్నయి బావా. ఏది ఎందుకో నాకు తెల్వది."

బయటివాళ్లు సాయం చేయకూడదు, పోటీదారులు ఒకరికొకరు చేసుకోవచ్చని నిబంధన. దిగాను. చైను తీసుకుని తెగిన చోటు చూశాను. పాత లింకు. ఒక రేకు పగిలి ఎటో పోయింది. రెండోది వంగి, పక్క లింకును కూడా వంచేసి వేలాడుతోంది.

నా సంచి విప్పి, అట్టడుగున ఉన్న ప్లాస్టిక్ పాకెట్ తీసి, పళ్లతో చింపాను.

"నీకు టైం పోతది బావా," అన్నాడు రవీందర్. "నువ్వు పో. బండొస్తది తియ్."

"ఊకో జెర."

కొత్త లింకు వేస్తే చాలదు. వంగిన పక్క లింకును ముందు తీసేయాలి. చేతుల నిండా చెమట, ఎండకు రాసుకున్న క్రీము, చైను నూనె. కొత్త లింకు రేకు రెండుసార్లు జారి గడ్డిలో పడింది. మోకాళ్ల మీద వెతుకుతుంటే పక్కనుంచి మనుషులు వెళ్లిపోతున్నారు. సాతో గారు కూడా వెళ్లారు. ఆ వయసులో, ఆ చడావులో, చెయ్యి ఎత్తి పలకరించారు. నేను తల ఎత్తలేదు.

అరగంట పట్టింది. చైను కూర్చోగానే రవీందర్ నా చేతులు పట్టుకున్నాడు. ఏదో అనబోయాడు. "పో రా," అన్నాను. పోయాడు. అతని సైకిల్ కొండ మీదికి మంచి వేగంగా వెళ్లింది. బాగా బిగించాను మరి.

వక్తు హబిస్

చివరి ఇరవై కిలోమీటర్లలో తొడ పట్టేసింది. దిగి, నడిచి, మళ్లీ ఎక్కి, సైకిల్ అప్పగించే చోటికి చేరేసరికి ఆరు గంటల పదిహేడు నిమిషాలు. దారికి అడ్డంగా తాడు కట్టి ఉంది. తల మీద గుడ్డ చుట్టుకున్న ఒక అధికారిణి, నా కూతురి వయసుంటుంది, ఎదురొచ్చి రెండు చేతులతో నా హ్యాండిల్ పట్టుకుంది.

"పాచిక్," అంది. పెద్దవాళ్లను వాళ్లు అలా పిలుస్తారు, మనం చిన్నాయనా అన్నట్టు. "వక్తు హబిస్."

వక్తు నాకు తెలుసు. రెండో మాట ఆమె ముఖం చూస్తే తెలిసింది. అయిపోయింది.

వంగి నా కాలికి ఉన్న పట్టీ విప్పింది. కుర్చీ వేసి, నీళ్లిచ్చి, మెడ మీది వాతకు మందు రాసింది. మా డిపోలో ఒకసారి నాకు మెమో ఇచ్చిన ఆఫీసరు కాగితం బల్ల మీదికి విసిరాడు. ఇక్కడ రెండేళ్ల కష్టాన్ని తీసేసుకుంటూ కూడా ఈ పిల్ల నా భుజం నిమిరింది. విసిరితేనే బాగుండేది. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. ఓడిపోయినందుకని ఆమె అనుకుంది.

రవీందర్ ఐదు నిమిషాలు మిగులుండగా సైకిల్ దిగి పరుగులోకి వెళ్లాడని తెలిసింది. ముగింపు గీత దగ్గర బల్ల మీద కూర్చుని ఎదురుచూశాను. ఎవరెవరో వస్తున్నారు, గీత దాటగానే కూలుతున్నారు, లేచి నవ్వుతున్నారు. సాతో గారు వచ్చి, దాటి, వెనక్కి తిరిగి తను పరుగెత్తిన రోడ్డుకు వంగి నమస్కారం పెట్టారు. చాలా పొద్దుపోయాక, ఇంక కాసేపట్లో గడువు ముగుస్తుందనగా, రవీందర్ కుంటుకుంటూ వచ్చాడు. మెడలో పతకం వేశారు. అతను నేరుగా నా దగ్గరికి వచ్చి, దాన్ని తీసి నా మెడలో వేశాడు. చుట్టూ చప్పట్లు. ఎవరో ఫోటో తీశారు.

పాత లింకు సంగతి అప్పుడు చెప్పాల్సింది. చప్పట్లు బాగున్నాయి, ఊరుకున్నాను.

మర్నాడు అప్పలనర్సమ్మ దగ్గరికి వెళితే రవీందర్ మొత్తం కథ చెప్పాడు. ఆమె నా పళ్లెంలో అడక్కుండానే మూడో రొట్టె వేసింది. డబ్బు తీసుకోలేదు. ఆ రొట్టె తినడం సైకిల్ తొక్కడం కన్నా కష్టమైంది.

మర్ఫా

మేము ఇంటికి తిరిగొచ్చేసరికి గల్లీ మొదట్లో మర్ఫా వాద్యాలు పెట్టారు. పెళ్లిళ్లకు, గెలుపులకు పాతబస్తీలో వాయించే ఆ డప్పుల మోతకు చచ్చినవాడు కూడా భుజం కదుపుతాడు. నేను కదపలేదు. ఫ్లెక్సీ ఒకటి కట్టారు. అందులో బస్తీ నాయకుడి తల బిందెంత, మా ఇద్దరి తలలు చాయ్ గ్లాసులంత. కింద 'లాల్‌దర్వాజా త్యాగమూర్తి' అని నా పేరు.

కమ్యూనిటీ హాల్లో శాలువా కప్పారు. రవీందర్ మైకు అందుకుని గంటకు తక్కువ మాట్లాడలేదు. మా బావ తన రేసు వదులుకున్నాడు, మోకాళ్ల మీద కూర్చున్నాడు, రక్తం కారుతున్నా చైను వదల్లేదు అన్నాడు. రక్తం కొత్తగా చేరింది. నాయకుడు నా చెయ్యి పైకెత్తి పట్టుకుని తన ఫోటోగ్రాఫర్ వైపు చూశాడు.

ఇంటికొచ్చాక శాలువా మడతపెడుతున్న సుజాతకు ఉన్నదంతా చెప్పాను. కొత్త లింకు, పాత లింకు, సాతో గారు, అన్నీ. ఆమె మడత పూర్తిచేసింది.

"నువ్వు కరాబ్ జేసిందే నువ్వు బాగుజేసినవ్. గంతే గద," అంది. "దానికి సాలువా ఎందుకు కప్పించుకున్నవ్?"

నేను శాలువా అందుకుని అలమరలో పెట్టాను.

"రేపు పొయ్యి వానికి చెప్పు. వాడు ఊరంత చెప్పుకుంట తిరుగుతుండు, ఆగం పోరడు."

కుక్కర్ల మధ్య

మర్నాడు డ్యూటీ అయ్యాక దుకాణానికి వెళ్లాను. రవీందర్ కుక్కర్ మూతలు లెక్కపెట్టుకుంటున్నాడు. నిలబడే చెప్పాను.

"రవీ, నీ చైన్ ఊకెనే తెగలె. నువ్విచ్చిన కొత్త లింకు నేను ఎయ్యలె. పాతదే ఎక్కించిన."

"ఎర్కే," అన్నాడు, మూతల మీదనుంచి కళ్లెత్తకుండా.

"ఏం ఎర్క?"

"కొండ మీద నీ సంచిలకెల్లి పాకిట్ తీసినవ్ గద. దాని మీద నా చేతిరాతుంది బావా. నేనిచ్చిందే. సీలు గూడ ఇప్పలె. గప్పుడే సమజైంది."

ఇతనికి తన గడియారం చెప్పందే తన నిద్ర సంగతి కూడా తెలియదని నవ్విన మనిషిని నేను.

"మరి గీ మర్ఫా, సాలువా, గీ లొల్లంత ఎందుకు వెట్టినవ్?"

"ఏం చెప్పాలె మరి? మా బావ నిర్లక్ష్యంతోని చైన్ తెగిందని మైకుల చెప్పాల్నా? డిపోల నీకింత పేరుంది, అది పోతది." ఒక మూత పక్కన పెట్టాడు. "కోపం రాలేదనుకోకు. పాకిట్ చూడంగనే వచ్చింది. కాని నువ్వు టైం పోతదని తెలిసి గూడ కూసున్నవ్. గది అబద్ధం కాదు గద."

"అయినా గంత చెప్పుడు..."

"ఇంకోటుంది. గీ కత వినేతందుకు జనం దుకాణంల కూసుంటున్నరు. కూసున్నోళ్లు ఏదన్న కొంటున్నరు. నువ్వు ఎవ్వరికి చెప్పకు."

నేను ఇంకా ఏదో అనేలోపు ఒక పెద్దావిడ సంచితో మెట్లెక్కింది. రవీందర్ ముఖం వెలిగింది. "రా అమ్మా, కూసో. గీయనే మా బావ. మొన్న సముద్రం అవతల..." అని మొదలుపెట్టాడు. ఈసారి కొండ ఇంకాస్త ఎత్తయింది. రోడ్డు మీదికి కోతుల గుంపు వచ్చింది.

"అట్ల కాదమ్మా," అన్నాను. "అసలు ఆ చైను తెగింది నా వల్లనే. కొత్త లింకు ఇస్తే పాతదే ఏసిన. నాకే ఎక్కువ తెలుసనుకున్న. తర్వాత కూసోని అతికిచ్చిన, గంతే. త్యాగం గీగం ఏం లేదు."

రవీందర్ కళ్లు మూసుకున్నాడు. ఆవిడ నన్నూ అతన్నీ చూసింది. సంచిలోంచి పాత కుక్కర్ తీసి బల్ల మీద పెట్టింది.

"గదంత మంచిగనే ఉంది బిడ్డా. గీ కుక్కర్ సీటీ కొడ్తలేదు. ఆవిరంత పక్కలకెల్లి పోతుంది. మెకానిక్‌వంటున్నవ్ గద, చూడరాదు."

మూత తిప్పి చూశాను. లోపలి రబ్బరు గట్టిపడి, ఒకచోట సన్నగా చీలింది.

"కడిగి మల్ల గదే పెట్టు," అంది ఆవిడ. "ఇంకో ఆర్నెల్లు ఎట్లన్న వస్తది."

"రాదమ్మా," అన్నాను. "రవీ, కొత్త రబ్బర్ తియ్యి."

రవీందర్ మేకుకు వేలాడుతున్న రబ్బరు ఒకటి తీసి ఇచ్చాడు. పాతది లాగేసి, కొత్తది మూత చుట్టూ వేలితో నొక్కి కూర్చోబెట్టి, రెండుసార్లు మూసి తీసి చూశాను.

"పైసలు ఎవలిస్తరు మరి?" అంది ఆవిడ.

నేను జేబులో చెయ్యి పెట్టాను.